నేతిచుక్క విజయము అను హెప్సిబా రాయబారం

గ్రీష్మప్రచండమార్తాండుడు బందరు కాలువ నీళ్ళను గోరువెచ్చని కషాయంగా కాచి, దుర్గమ్మ కొండరాళ్ళను అట్లపెనాలుగా మార్చి, నగరవాసుల చొక్కాలను వీపులకు అతికించి, ఇక తనవల్ల కాదన్నట్టు పడమటికి జరుగుతున్న వేళ; హారన్‌ధ్వనిసహస్రఘోషితమూ, ఆటోరథసంకులమూ అయిన గవర్నర్‌పేట అనే వాణిజ్యదుర్గంలో; ఒకానొక లాడ్జి రెండో అంతస్తున, నాలుగు ఫ్యాన్లు తిరుగుతూ ఒక్కదాని గాలీ ఎవరికీ తగలని మీటింగ్ హాల్లో, మే నెలలో ఒక ఆదివారం నాడు జరిగిన మహాసంగ్రామాన్ని చెబుతున్నాను, చెవి ఒగ్గి వినండి. ఇందులో ఏనుగులు లేవు, గుర్రాలు లేవు. రక్తం చిందలేదు, టీ చిందింది. పోరాడినది ఒక్కతె. రాజ్యం కోసం కాదు, రత్నహారం కోసం కాదు, ఒక్క వాక్యం కోసం.

ఆ వీరనారి పేరు హెప్సిబా. పామర్రులో రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగిని. సూదిహస్త, నరాన్వేషణనిపుణ, మృదుభాషిణి. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆమె పలికేవి మూడే మాటలు: "పిడికిలి బిగించండి", "కొంచెం చురుక్కుమంటుందండీ", "అయిపోయింది". పక్కన కూర్చున్న ఒక్క మనిషికి, అదీ భయపడుతున్న మనిషికి వినబడడానికి తయారైన గొంతు అది. అటువంటి గొంతును వెంటబెట్టుకుని ఆమె నెలకొకసారి బస్సెక్కి విజయవాడ వచ్చి, చదువరుల గోష్ఠిలో కూర్చుంటుంది. చేరిన నాటి నుంచి ప్రతి పుస్తకమూ చదివింది. ప్రతి పుస్తకం మీదా ఒక అభిప్రాయం సిద్ధం చేసుకుంది. ప్రతి అభిప్రాయాన్నీ కర్త దగ్గరే విడిచిపెట్టి, క్రియను చూడకుండానే తిరుగు బస్సెక్కింది.

అయితే ఈ నెల సంగతి వేరు. ఈ నెల ఆమె రాయబారి.

గోష్ఠికి ఈ నెల వచ్చిన పుస్తకం 'అద్దెకు దిగిన మేఘం'. నీటిపారుదల ఆఫీసులో పనిచేసే రామతులసి అనే ఆవిడ రాసిన మొదటి పుస్తకం. అరచేతిలో ఇమిడే బుల్లి నవలిక. మందలో వెనకబడి దారితప్పిన ఒక పిల్లమేఘం ఒక ఊళ్ళో మేడమీద గదిలో అద్దెకు దిగుతుంది. బట్టలు ఆరేసినప్పుడు తుమ్మకూడదని ఇల్లుగలావిడ షరతు పెడుతుంది. ఒకనాడు ఆ మేఘం కొత్తావకాయ అన్నం తిని, ఎర్రబడి, ఉరిమి, ఓర్చుకోలేక వీధి మొత్తం మీద ఎర్రెర్రగా కుండపోతగా కురుస్తుంది. అంతే కథ. అందులో ఎవరూ చావరు, ఎవరికీ బుద్ధి రాదు.

ఈ పుస్తకం హెప్సిబా ఇంటికి చేరేసరికి ఆమె అత్తగారు సంపూర్ణమ్మ కంటికి శుక్లం ఆపరేషనై, నల్లకళ్ళద్దాలతో మంచమ్మీద ఉన్నారు. టీవీ చూడకూడదని డాక్టరు ఆజ్ఞ. సీరియళ్ళసామ్రాజ్యం నుంచి అలా బహిష్కృతురాలైన ఆ వృద్ధమహారాణికి, కాలక్షేపం కోసం కోడలు పుస్తకం పైకి చదవసాగింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ అత్తాకోడళ్ళ మధ్య "కూర ఏంటి?", "గ్యాస్ కట్టేశావా?" అన్న రెండు మహావాక్యాలు తప్ప మూడోది నడిచింది లేదు. అటువంటిది, మేఘం ఎర్రబడిన చోట సంపూర్ణమ్మ నవ్వడం మొదలుపెట్టారు. ఎదురింటాయన ఆరేసుకున్న తెల్లలుంగీ ఆవకాయ రంగుకు తిరిగిన చోట ఆ నవ్వు పొలమారింది. నల్లకళ్ళద్దాలు జారి దిండుమీద పడ్డాయి. ఏమైందో అని పక్కింటావిడ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

నవ్వి, నవ్వి, నీళ్ళు తాగి, అప్పుడు సంపూర్ణమ్మ గంభీరంగా అన్నారు:

"అమ్మాయ్, అంతా బానే ఉంది గానీ, ఆ ఇల్లుగలావిడకి బుద్ధుందా? కొత్తావకాయాయె. ఎప్పుడూ తిని ఎరగని పసిముండ మేఘం. అన్నంలో ఇంత నెయ్యి వెయ్యకుండా పెడతారా ఎవరైనా? మంట పుట్టదూ?"

"అది కథ కదా అత్తయ్యా."

"కథైతే మాత్రం? నువ్వు ఆదివారం మీటింగుకి వెళ్తావుగా, ఆ రాసినావిడతో చెప్పు. పామర్రులో సంపూర్ణమ్మ పడీపడీ నవ్విందని చెప్పు. నెయ్యి వెయ్యాల్సిందని కూడా చెప్పు. చెప్పకుండా వచ్చావో, ఇంకో పుస్తకం నువ్వు చదివితే నేను వినను. టీవీ పెట్టించుకుంటా. కన్ను పోతే పోయింది."

రాజాజ్ఞ వెలువడింది. కన్ను సంగతి సరే. ఆ సాయంకాలపు గంట హెప్సిబాకు అలవాటైపోయింది. ఆ ఇంట్లో తనను కూరా, కాఫీ కాక, "తర్వాతేమైంది?" అని ఒక మనిషి అడిగే గంట అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

ఇక సభలోని మహారథులను పరిచయం చేస్తాను. అధ్యక్షపీఠాన వెంకటకృష్ణారావు గారు, విశ్రాంత అధ్యాపకులు, ఉపోద్ఘాతభయంకరులు. వారి ఉపోద్ఘాతానికి మరో ఉపోద్ఘాతం ఉంటుంది. కుడిపక్క దుర్గాప్రసాద్ గారు, కాగితాల హోల్‌సేల్ వర్తకులు. పుస్తకం చేతికిస్తే ముందు అరచేతిలో పెట్టి బరువు చూస్తారు. ఎడమపక్క మనోజ్ఞ, కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే యువతి, సూత్రఖడ్గధారిణి. ఇక దూరంగా, గోడవార కుర్చీలో, రచయిత్రి రామతులసి. సభ చివరి వరకూ రచయిత నోరు విప్పరాదని ఆ గోష్ఠి కట్టడి. అందుచేత ఆమె నోరు మూసుకుని, పవిటకొంగును విసనకర్రలా మడతలు పెట్టుకుంటూ కూర్చుంది.

అధ్యక్షులు లేచారు. గొంతు సవరించారు. ఫ్యాన్లు సైతం ఒక చుట్టు నెమ్మదించినట్టనిపించింది.

"సాహితీబంధువులారా! ఈ మేఘము మేఘము కాదు! నెలవు కోల్పోయిన సమస్త మానవాళికీ ఇది ప్రతీక! ఆ మేడగది మేడగది కాదు, అది మన అంతరంగంలోని ఖాళీ! ఆ లుంగీ లుంగీ కాదు, మధ్యతరగతి మనస్తత్వపు తెల్లజెండా! ఇక ఆవకాయ అంటారా, ఆ ఆవకాయ ఆవకాయ కాదు!"

హెప్సిబా ఉలిక్కిపడింది. ఆవకాయే ఆవకాయ కాకపోతే ఇక నెయ్యి ఎక్కడ వెయ్యడం? రాయబారం మొదట్లోనే మునిగేటట్టుందని తోచి, ఆమె కుడిచేతిని ధ్వజస్తంభంలా పైకెత్తింది. అధ్యక్షులు చూశారు. ఆర్ద్రంగా చూశారు.

"గాలి తగలట్లేదా అమ్మా? ఎవరన్నా ఆ ఫ్యాన్ కాస్త పెంచండి."

ఫ్యాన్ పెరిగింది. దాని మోతలో అధ్యక్షుల వాక్కు మరింత పెరిగింది. ఎత్తిన చెయ్యి సిగ్గుపడి ఒళ్ళోకి దిగింది.

తరువాత దుర్గాప్రసాద్ గారు పుస్తకాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నారు. "నాకు సింబాలిజాలూ అవీ తెలీవండీ. నేను బెజవాడ స్టేషన్ దగ్గర ఆటోలో మొదలెట్టాను, భవానీపురంలో దిగేలోపు అయిపోయింది. ఇదేం పుస్తకమండీ? నవలంటే తలకింద పెట్టుకుంటే దిండులా ఉండాలి. ఇది వీపు గోక్కోడానిక్కూడా చాలదు."

నవ్వులు రేగాయి. గోడవార పవిటకొంగుకు ఇంకో మడత పడింది.

నవ్వులు తగ్గే సందులో హెప్సిబా దూరింది. లేచి నిలబడింది కూడా. "మా అత్తగారు..." అంది.

"అత్తగారంటే గుర్తొచ్చిందమ్మా!" అన్నారు దుర్గాప్రసాద్ గారు ఉత్సాహంగా. "మా అత్తగారి దగ్గరొక బైండు పుస్తకం ఉండేది. ఎంతుండేదనుకున్నారు? తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్ళు. తుఫానొచ్చినా కదిలేది కాదు. అదీ సాహిత్యం!"

అలా సంపూర్ణమ్మ గారి కోసం తెరిచిన ద్వారంలోంచి వేరొక అత్తగారు ప్రవేశించి, తలుపుకు బైండు పుస్తకం అడ్డంపెట్టి, తీరిగ్గా కూర్చున్నారు. హెప్సిబా తన కుర్చీలో కూలబడింది.

ఆ వెంటనే మనోజ్ఞ ఖడ్గం దూసింది. "నాకైతే లాజిక్ ప్రాబ్లమ్ ఉందండీ. ఎంత పిల్లమేఘమైనా అందులో టన్నులకొద్దీ నీళ్ళుంటాయి. ఆ శ్లాబ్ ఆగుతుందా? పిల్లర్లు ఎన్ని వేశారో రాయలేదు. అసలు ఆవకాయ తినడానికి మేఘానికి నాలుకేదీ?"

నాలుకేదీ! ఆ మాట హెప్సిబా ఎదలో శూలంలా దిగింది. మేఘం మాట దేవుడెరుగు, నాకు మాత్రం ఉందా అనుకుంది. ఆమె గుండె అప్పుడు ఆమె నాలుకను ఇలా నిలదీసింది: "ఓ జిహ్వా! ఓసి పిరికిదానా! బ్యాంకు మేనేజర్లనూ, ఎస్సై గారినీ 'పిడికిలి బిగించండి' అని శాసించిన నీవు, నేడు ఒక చెంచాడు నెయ్యి మొయ్యలేక వణుకుతావా? లే! పామర్రు చూస్తోంది!" నాలుక ఏమీ అనలేదు. ఎండిపోయి ఉంది.

ఆమె చూపు గోడవారకు వెళ్ళింది. రామతులసి తల ఒక పక్కకు తిప్పుకుని, కిటికీలోంచి ఎదురు మేడమీది నీళ్ళట్యాంకును చూస్తోంది. ఆ తల తిప్పుకోవడం హెప్సిబాకు బాగా తెలుసు. సూది దిగబోతుంటే మనుషులు అలాగే తిప్పుకుంటారు. ల్యాబ్‌లో అయితే "అయిపోయిందండీ, అయిపోయింది" అని భుజం తట్టేది. ఇక్కడ అయిపోలేదు, ఇంకా గుచ్చుతూనే ఉన్నారు. అత్తగారి ఆజ్ఞ సగం, ఆ తిప్పుకున్న తల సగం కలిసి ఆమెను మళ్ళీ లేపి నిలబెట్టాయి.

ఈసారి ఆయుధం కూడా చేతికందింది. మనోజ్ఞ దయతో మైకు ఇటు అందించింది. హెప్సిబా రెండు చేతులా దాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని, పైనున్న ప్రభువును తలుచుకుని, అనుకున్న వాక్యాన్నంతా పొల్లుపోకుండా చెప్పేసింది. సంపూర్ణమ్మ పేరుతో సహా, నెయ్యితో సహా చెప్పేసింది. కళ్ళు తెరిచి చూసింది. సభ ఆమెను ప్రేమగా చూస్తోంది.

"మైకు ఆన్ చేసుకోండమ్మా," అన్నారు అధ్యక్షులు.

ఆన్ చేసింది. మైకు ఒక్కసారిగా, గొంతులో ఎముక ఇరుక్కున్న రాక్షసిలా కీచుమని అరిచింది. అందరూ చెవులు మూసుకున్నారు. దుర్గాప్రసాద్ గారి చేతిలోని నీళ్ళ సీసా పడింది. మనోజ్ఞ పరుగున వచ్చి మైకు లాక్కుని, స్పీకరుకు దూరంగా జరగాలని, దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారని, అది ఎందుకు వస్తుందో సూత్రంతో సహా వివరించింది. వివరణ ముగిసేసరికి టీ వచ్చింది.

టీ వెంట మిరపకాయ బజ్జీలు వచ్చాయి. హెప్సిబా కళ్ళు మెరిశాయి. ఎందుకంటే అధ్యక్షుల నోట్లో బజ్జీ, వర్తకుల నోట్లో బజ్జీ, సూత్రఖడ్గధారిణి నోట్లో సగం బజ్జీ. ఆ గోష్ఠి చరిత్రలో నిశ్శబ్దం మొదటిసారి అడుగుపెట్టిన క్షణం అది. వాళ్ళ నోళ్ళు ఖాళీ అయ్యేలోపు చెప్పెయ్యాలి. ఆమె లేచింది. ఊపిరి పీల్చింది. నోరు తెరిచింది.

"నువ్వు తీసుకోలేదేంటమ్మా," అంటూ అధ్యక్షులు వాత్సల్యంతో, నూనెలోంచి అప్పుడే లేచొచ్చిన బజ్జీనొకదాన్ని ఆమెకు నోటికే అందించినంత పని చేశారు. పెద్దాయన ఇచ్చింది కాదనలేక ఆమె కొరికింది. లోపలి మిరపకాయ గుంటూరుది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముక్కు ఎర్రబడింది, చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టైంది. ఆ పిల్లమేఘం ఏం పాట్లు పడిందో ఆమెకు ఆ క్షణాన సంపూర్ణంగా తెలిసింది. కానీ చెప్పడానికి నోరు పనిచేయలేదు.

అప్పుడే కింద మెట్ల మీద దడదడలు వినిపించాయి. ఆ రాత్రి అదే హాల్లో ఎవరిదో ఎంగేజ్‌మెంట్. బంతిపూల దండలతో, థర్మాకోల్ హంసలతో డెకరేషన్ వాళ్ళు శత్రుసైన్యంలా లోపలికి వచ్చి, ఎవరినీ అడక్కుండా ఖాళీ కుర్చీలను మడిచి బయటకు మోయసాగారు. ఒక హంస వచ్చి అధ్యక్షుల వెనక నిలబడి, ఆయన భుజం మీదుగా సభను తిలకించింది.

అధ్యక్షులు గడియారం చూసుకుని హడావిడిగా లేచారు. "టైమైపోయింది. మొత్తం మీద పుస్తకం చిన్నది, తర్కం లేదు, లోతు ఉంది గానీ అది రచయిత్రికి తెలిసి రాలేదు. రామతులసి గారూ, తరువాతి రచనలో కొంచెం సీరియస్‌గా ప్రయత్నించండి. ఇంతటితో అందరి అభిప్రాయాలూ విన్నాం. ఇక వందనసమర్పణ..."

"వినలేదండీ!"

ఆ కేక ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. హెప్సిబాకూ తెలియలేదు. మైకు లేదు, స్పీకరు లేదు. కాని ఆ ధ్వనికి హంసను మోస్తున్నవాడు హంసతోనే ఆగిపోయాడు. టీ గ్లాసొకటి ఒరిగి అధ్యక్షుల కాగితాల మీద పారింది.

"అందరివీ వినలేదండీ," అంది ఆమె. నాలుక మండుతోంది, అయినా ఆగలేదు. "నాది వినలేదు. మా అత్తగారిది వినలేదు. మా అత్తగారు సంపూర్ణమ్మ గారు ఈ పుస్తకం విని, ఆవకాయ దగ్గర పడీపడీ నవ్వారండీ. నేనూ నవ్వానండీ. కానీ ఆ మేఘానికి అన్నంలో నెయ్యి వెయ్యాల్సిందని చెప్పమన్నారు. అంతేనండీ."

కర్త నుంచి క్రియ దాకా, మధ్యలో కామాలతో సహా, సంపూర్ణవాక్యం! ఆమె కూర్చుందామని చూసుకుంది. కుర్చీ లేదు. డెకరేషన్ వాళ్ళు తీసుకుపోయారు. అందుచేత విజేతకు తగినట్టు నిలబడే ఉంది.

ముందుగా దుర్గాప్రసాద్ గారు అందుకున్నారు.

"నెయ్యేంటమ్మా? కొత్తావకాయకి నెయ్యేంటి? వేడన్నం, కొత్తావకాయ, పైన నువ్వులనూనె. మా ఇంట్లో తాతల్నాటి నుంచీ అంతే!"

"నెయ్యేనండీ," అంది మనోజ్ఞ. ఖడ్గం ఎక్కడో పారేసింది. "కారం కొవ్వులో కరుగుతుంది. అందుకే నెయ్యి వేస్తే మంట తగ్గుద్ది. ఇది సైన్స్."

"నూనె మాత్రం కొవ్వు కాదా మేడమ్?"

"అసలు ముద్దపప్పు ప్రస్తావన లేకుండా ఈ చర్చ ఏమిటి?" అధ్యక్షులు బల్ల గుద్దారు. "ముందు ముద్దపప్పు! ఆపైన నెయ్యి! ఆ తరువాతే ఆవకాయ! ఇది క్రమం!" ఆవకాయ ఆవకాయ కాదన్న మహానుభావులు ఆయనే.

"వెన్న వేసుకుని చూడండి సార్, అదిరిపోద్ది," అన్నాడు హంసను మోస్తున్నవాడు.

ఇలా మేఘం బరువూ, పుస్తకం బరువూ, మానవాళి బరువూ గాలికెగిరిపోయి, సభ మొత్తం గాల్లో అన్నం కలిపి ముద్దలు చూపించుకుంటూ పోట్లాడుకుంటుండగా, గోడవార నుంచి రామతులసి లేచింది. కట్టడి మీరింది. మడతలు పెట్టిన కొంగు విప్పుకుంటూ నేరుగా హెప్సిబా దగ్గరికి వచ్చింది.

"ఎక్కడ నవ్వారండీ? ఎర్రబడ్డప్పుడా, కురిసినప్పుడా?"

"ఎర్రబడ్డప్పుడు మొదలెట్టారండీ. ఎదురింటాయన లుంగీ దగ్గర ఇక ఆగలేదు. నల్లకళ్ళద్దాలు జారిపోయాయి."

"లుంగీ దగ్గరా?" రామతులసి ముఖం విప్పారింది. "అది రాసేటప్పుడు నేనూ నవ్వానండీ, ఆఫీసులో. దగ్గొచ్చిందని చెప్పి బయటికి పోయాను. చదివినవాళ్ళు ఎవరూ అక్కడ నవ్వొచ్చిందని చెప్పకపోతే, నాకొక్కదానికే నవ్వొచ్చిందేమో అనుకున్నాను." కొంగు భుజాన సర్దుకుంది. "నెయ్యి మాత్రం మర్చిపోయానండీ. ఒట్టు. మా ఇంట్లోనూ వేస్తాం. మళ్ళీ అచ్చేస్తే ఒక చెంచాడు వేయిస్తానని చెప్పండి మీ అత్తగారికి."

"అప్పుడు మేఘం ఎర్రబడదేమోనండీ," అంది హెప్సిబా కంగారుగా.

"కొంచెం వేద్దాం లెండి. ఎర్రబడేటట్టే."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎవరూ వినలేదు. నువ్వులనూనె పక్షం అప్పటికి గొంతు పెంచింది.

హెప్సిబా పామర్రు చేరేసరికి దీపాలు పెట్టారు. వరండాలో నల్లకళ్ళద్దాలతో సంపూర్ణమ్మ, చీకట్లో చీకటిని చూస్తూ కూర్చున్నారు. గేటు చప్పుడు కాగానే, కూర ఊసు లేదు, గ్యాస్ ఊసు లేదు.

"చెప్పావా?"

"చెప్పానత్తయ్యా."

"అందరూ విన్నారా?"

"విన్నారు. రాసినావిడ చాలా సంతోషించింది. ఈసారి నెయ్యి వేస్తానంది. కానీ ఒకాయన మాత్రం నూనె వెయ్యాలని..."

సంపూర్ణమ్మ కళ్ళద్దాలు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు.

"నూనె అన్నవాడెవడు?"

హెప్సిబా చెప్పులు విడిచి, మెట్టు మీద చతికిలబడి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. అధ్యక్షుల గొంతు పెట్టింది. మైకులా కీచుమంది. సంపూర్ణమ్మ మధ్యలో ఒక్క మాటా అడ్డం రాలేదు, "తర్వాతేమైంది?" అనడానికి తప్ప.

కృష్ణవేణి ఒడ్డున జరిగిన యుద్ధాలలో ఇది ఏ శాసనానికీ ఎక్కదు. రాజ్యాలు మారలేదు, సరిహద్దులు కదలలేదు, నూనె పక్షం నేటికీ లొంగలేదు. అయినా సకలజనులకూ ఇందుమూలముగా ప్రకటించడమేమనగా: ఆ ఆదివారం సాయంత్రం గవర్నర్‌పేటలో, నిండుసభలో, ఎవరి గొంతూ అడ్డుపడకుండా, పామర్రు హెప్సిబా ఒక మాట మొదలుపెట్టి పూర్తిచేసింది. మోగించండి భేరి!